ఊపిరి లాగేదెవరు? ఆజ్ఞ ఇచ్చేదెవరు?

సరీసృపాల శ్వాస వ్యవస్థను ఇలా చదివితే డిగ్రీకి, పోటీ పరీక్షకు, ఫారెస్ట్ కొలువుకు మూడింటికీ అక్కరకొస్తుంది

ఫారెస్ట్ బీట్ ఆఫీసర్ రాత పరీక్ష గట్టెక్కారనుకోండి. తర్వాత దేహదారుఢ్య పరీక్ష. పురుష అభ్యర్థులైతే ఛాతీకి టేపు చుట్టి 'గాలి పీల్చు.. ఆపు' అంటారు. కనీసం 5 సెంటీమీటర్లు విస్తరించాలి. ఆ 5 సెంటీమీటర్ల కోసం నెలల తరబడి మైదానంలో పరుగెత్తినవాళ్లు మీ స్నేహితుల్లోనే ఉంటారు.

ఇప్పుడో చిన్న ప్రశ్న. ఆ ఛాతీని పెంచింది ఎవరు? ఊపిరితిత్తులే అని చాలామంది ఠక్కున చెప్పేస్తారు. కానీ ఊపిరితిత్తికి తనంతట తాను ఉబ్బే శక్తి లేదు. పక్కటెముకల మధ్య కండరాలు, ఛాతీకి కింద గొడుగులా పరుచుకున్న డయాఫ్రం కలిసి ఛాతీని పెద్దది చేస్తాయి. అప్పుడు గాలి లోపలికొస్తుంది. ఆ కండరాలకు ఆజ్ఞ మెదడు నుంచి నాడుల మీదుగా వస్తుంది. అంటే శ్వాస గురించి చదివేటప్పుడు అడగాల్సినవి రెండు ప్రశ్నలు. గాలిని లాగేది ఏ కండరం? ఆ కండరానికి ఆజ్ఞ ఏ నాడి నుంచి వస్తోంది?

ఇదే ప్రశ్నను మన జిల్లాల జంతువుల్ని అడిగి చూడండి. గద్వాల, వనపర్తి జిల్లాల మధ్య జూరాల ప్రాజెక్టు ఉంది. కృష్ణలో మొసళ్లున్నాయి. అవి అప్పుడప్పుడు పొలాల్లోకి, చెరువుల్లోకి వచ్చిన వార్తలు మీరూ చదివే ఉంటారు. నాగర్‌కర్నూల్ వైపు వెళితే 2,611 చదరపు కిలోమీటర్ల అమ్రాబాద్ పులుల అభయారణ్యం. అక్కడ ఉడుములు, కొండచిలువలు, తాబేళ్లు ఉన్నాయి. ఇక నాగుపాము, కట్లపాము, రక్తపింజరి లేని ఊరేది? వీటిలో ఏ ఒక్కదానికీ మనలాంటి డయాఫ్రం లేదు. మరి ఊపిరి ఎలా పీలుస్తున్నాయి?

సిలబస్‌లో ఎక్కడుంది?

'ఇది మా పరీక్షకు వస్తుందా సార్?' అనేది క్లాసులో వినిపించే మొదటి మాట. వస్తుంది. తెలుగు రాష్ట్రాల డిగ్రీ జువాలజీలో సరీసృపాలకు టైప్ స్టడీగా తొండను చదువుతారు. అందులో శ్వాస వ్యవస్థ, నాడీ వ్యవస్థ రెండూ ఉంటాయి. పీజీ తర్వాత రాసే సీఎస్ఐఆర్ నెట్ లైఫ్ సైన్సెస్‌లో 7వ యూనిట్ జంతు శరీరధర్మ శాస్త్రం. వివిధ జీవుల్లో శ్వాసక్రియ పోలిక, శ్వాసపై నాడీ నియంత్రణ, రసాయన నియంత్రణ అందులోని అంశాలే. ఇండియన్ ఫారెస్ట్ సర్వీస్ మెయిన్స్‌లో జువాలజీ ఆప్షనల్ తీసుకునేవాళ్లకు ఇది తప్పనిసరి.

సమస్య ఎక్కడొస్తుందంటే, చాలామంది నిర్మాణాన్ని ఒక నోట్సులో, నాడుల్ని ఇంకో నోట్సులో రాసుకుంటారు. రెండింటినీ కలపరు. పరీక్షలో మాత్రం కలిపే అడుగుతారు.

మూడు రకాల నిర్మాణం

సరీసృపాల ఊపిరితిత్తుల్ని లోపలి గదుల లెక్కన మూడు రకాలుగా చూడొచ్చు.

ఒకే గది ఉన్నవి: గోడమీది బల్లి, పాము ఈ కోవలోకి వస్తాయి. ఊపిరితిత్తి ఒక సంచిలా ఉంటుంది. అలాగని లోపల నున్నగా ఉండదు. గోడలకు తేనెపట్టు గూళ్లలాంటి చిన్న చిన్న అరలుంటాయి. వాయుమార్పిడి జరిగేది ఆ అరల గోడల్లోని రక్తనాళాల దగ్గరే. మన ఊపిరితిత్తుల్లో చెట్టు కొమ్మల్లా చీలిన గొట్టాల చివర వాయుకోశాలుంటాయి. వీటిలో మధ్యలో ఖాళీ, గోడలకు అరలు.

కొద్ది గదులున్నవి: ఊసరవెల్లి దీనికి ఉదాహరణ. రెండు మూడు పొరలు అడ్డుగోడల్లా లేచి సంచిని కొన్ని భాగాలుగా చేస్తాయి.

చాలా గదులున్నవి: ఉడుము, తాబేలు, మొసలి. ప్రధాన శ్వాసనాళిక ఊపిరితిత్తి లోపలికి సాగి, దాని నుంచి వరుసగా గదులు చీలుతాయి. వాయుమార్పిడికి దొరికే ఉపరితలం పెరుగుతుంది. ఉడుము బల్లికంటే ఎక్కువ దూరం పరుగెత్తగలగడానికి ఇదీ ఒక కారణం.

పాము దగ్గర కాస్త ఆగండి. సన్నని, పొడవైన ఒంట్లో రెండు ఊపిరితిత్తులు పక్కపక్కన పట్టవు. అందుకే నాగుపాము, కట్లపాముల్లో ఎడమది నామమాత్రం. కుడిదే పొడవుగా సాగి పనంతా చేస్తుంది. కొండచిలువకు మాత్రం రెండూ ఉంటాయి, ఎడమది చిన్నది. ఆ పొడవైన కుడి ఊపిరితిత్తి కూడా మొదటి నుంచి చివరిదాకా ఒకేలా ఉండదు. ముందు భాగంలో రక్తనాళాలు దట్టంగా ఉంటాయి, వాయుమార్పిడి అక్కడే. వెనుక భాగం పలుచని గాలి సంచి, అక్కడ వాయుమార్పిడి దాదాపు జరగదు. పింజరి జాతి పాముల్లో శ్వాసనాళం గోడ కూడా ఊపిరితిత్తి కణజాలంగా మారి పని చేస్తుంది. దీన్ని శ్వాసనాళ ఊపిరితిత్తి అంటారు.

మరి తలకంటే పెద్ద ఎలుకను మింగేటప్పుడు పాముకు ఊపిరి ఆడదా? ఆడుతుంది. నోటి అడుగు భాగాన ఉండే కంఠబిలాన్ని అది ముందుకు జరుపుకొంటుంది. నోరంతా ఎరతో నిండినా గాలి దారి బయటికే ఉంటుంది.

డయాఫ్రం లేదు, మరి లాగేదెవరు?

ఇక్కడే ఒక్కో జంతువు ఒక్కో దారి పట్టింది. పరీక్షకైనా, ఆసక్తికైనా అసలు సరుకు ఇదే.

బల్లి, తొండ, పాము: పక్కటెముకల మధ్య కండరాలే దిక్కు. బల్లి, తొండల్లో ఒక చిక్కుంది. పరుగెత్తేటప్పుడు ఒంటిని అటూ ఇటూ వంచడానికి వాడే కండరాలూ ఇంచుమించు అవే. అందుకే అవి కాసేపు పరుగెత్తి ఆగిపోతాయి. గోడ మీద తొండను గమనించండి, సర్రున ఉరికి టక్కున ఆగుతుంది. ఉడుము దీనికి ఉపాయం కనిపెట్టుకుంది. గొంతు సంచిని పంపులా వాడి గాలిని లోపలికి నెడుతుంది. ఈ సంగతి 1999లో ఎక్స్‌రే చిత్రాల సాయంతో నిరూపితమైంది.

తాబేలు: పక్కటెముకలు డిప్పలో కలిసిపోయాయి, కదలవు. ఊపిరితిత్తులు పైడిప్పకు లోపలి వైపు అంటుకుని ఉంటాయి. పొట్ట కండరాలు, కాళ్ల మొదళ్ల దగ్గరి కండరాలు లోపలి అవయవాల్ని అటూ ఇటూ జరిపి గాలి ఆడేలా చేస్తాయి. తాబేలును వెల్లకిలా తిప్పితే లోపలి అవయవాల బరువంతా ఊపిరితిత్తుల మీద పడుతుంది. ఆట కోసం అలా తిప్పి ఉంచే పిల్లలు కనిపిస్తే వెంటనే ఆపండి.

మొసలి: దీనికి కాలేయమే పిస్టన్. కాలేయాన్ని తుంటి ఎముకలతో కలిపే ఒక కండరం ఉంది. అది సంకోచిస్తే కాలేయం వెనక్కి జరుగుతుంది, ముందున్న ఊపిరితిత్తులు సాగుతాయి. పక్కటెముకలూ సాయం చేస్తాయి. ఆ కండరాన్ని డయాఫ్రమాటికస్ అంటారు. పేరు చూసి డయాఫ్రం అనుకుంటే మార్కు పోయినట్టే. రెండూ వేరు, పుట్టుకా వేరే.

మొసలి దగ్గర ఇంకో విశేషం ఉంది. మనలో గాలి వచ్చిన దారినే పోతుంది. పక్షుల ఊపిరితిత్తుల్లో మాత్రం గాలి ఒకే దిశలో తిరుగుతుంది. ఎగరడం కోసమే అలా ఏర్పడిందని చాలాకాలం అనుకున్నారు. 2010లో అమెరికాలో ఎలిగేటర్ల మీద చేసిన పరిశోధన ఆ మాటను మార్చేసింది. ఎలిగేటర్‌లోనూ గాలి ఒకే దిశలో సాగుతోందని తేలింది. 2014 నాటికి ఆఫ్రికా ఉడుములో, ఆకుపచ్చ ఇగ్వానాలో కూడా ఇదే కనిపించింది. ఇగ్వానా ఎగరదు కదా! అంటే ఈ ఏర్పాటు పక్షులకంటే చాలా పాతది కావచ్చు. పరిణామంపై వ్యాసరూప ప్రశ్న వస్తే ఈ ఉదాహరణ మీ జవాబును పక్కవాళ్ల జవాబు నుంచి వేరు చేస్తుంది.

ఆజ్ఞ ఏ దారిలో?

ఇప్పుడు రెండో ప్రశ్న. నాడుల పనిని మూడు వరుసల్లో గుర్తుపెట్టుకుంటే సరిపోతుంది.

మొదటిది, కబురు పైకి తీసుకెళ్లే దారి. ఊపిరితిత్తుల నుంచి మెదడుకు సమాచారం చేరవేసేది ప్రధానంగా 10వ కపాలనాడి, అంటే వేగస్. ఊపిరితిత్తి ఎంత సాగిందో చెప్పే గ్రాహకాలు దాని గోడల్లో ఉంటాయి. బల్లి జాతులు కొన్నింటిలో, ఎలిగేటర్లలో కార్బన్ డయాక్సైడ్‌ను పసిగట్టే గ్రాహకాలు ఊపిరితిత్తి లోపలే ఉన్నాయి. వీటి తీరు కాస్త తిరకాసు. కార్బన్ డయాక్సైడ్ పెరిగితే వీటి సంకేతాలు తగ్గుతాయి. పక్షుల్లోనూ ఇవి ఉన్నాయి, క్షీరదాల్లో లేవు. వేగస్ నాడిని తెంచితే ఊపిరి నెమ్మదించి లోతుగా మారుతుంది. 'ఇక చాలు, ఆపు' అని చెప్పే కబురు మెదడుకు అందకపోవడమే కారణం.

రెండోది, ఊపిరితిత్తి గోడకు వచ్చే ఆజ్ఞ. సరీసృపాల ఊపిరితిత్తి గోడల్లో, అరల అంచుల్లో నునుపు కండరం బాగా ఉంటుంది. వేగస్ నుంచి వచ్చే తంతువులు దాన్ని సంకోచింపజేస్తాయి. సడలించే నాడీ తంతువులూ ఉంటాయి. తాబేలులో వేగస్‌కు ఇంకో పని కూడా ఉంది. నీళ్లలో మునిగి ఊపిరి బిగబట్టినప్పుడు ఊపిరితిత్తికి వెళ్లే ధమనిని ఇది కుదిస్తుంది. గాలి లేనిచోటికి రక్తం పంపి ఏం లాభం? ఆ రక్తం మళ్లీ ఒంటివైపే తిరుగుతుంది.

మూడోది, లాగే కండరాలకు వచ్చే ఆజ్ఞ. ఇది వేగస్ పని కాదు. మెదడు కాండంలో పుట్టిన లయ వెన్నుపాములోకి దిగి, అక్కడి నుంచి వెన్ను నాడుల ద్వారా పక్కటెముకల కండరాలకు చేరుతుంది. విద్యార్థులు ఎక్కువగా తడబడేది ఇక్కడే. ఊపిరితిత్తికి వేగస్, లాగే కండరానికి వెన్ను నాడులు. ఈ ఒక్క వాక్యం నోట్సు మొదటి పేజీలో రాసుకోండి.

పాముకు వందల జతల పక్కటెముకలు. ఏ భాగానికి ఆ భాగపు వెన్ను నాడులు. దీనివల్ల లాభమేంటి? 2022లో అమెరికాలోని బ్రౌన్ యూనివర్సిటీ పరిశోధకులు బోవా పాముల మీద దీన్నే పరీక్షించారు. ఎరను చుట్టి బిగించే పాము తన ఊపిరిని తానే ఎందుకు నొక్కేసుకోదు అన్నది వాళ్ల సందేహం. బీపీ చూసే కఫ్‌ను పాము ఒంటికి చుట్టి గాలి కొట్టారు. ముందు భాగాన్ని బిగిస్తే పాము వెనుక పక్కటెముకలతో ఊపిరి తీసుకుంది. వెనుక బిగిస్తే ముందు వాటితో తీసుకుంది. బిగించిన చోట కండరాలకు సంకేతాలే పోలేదు. అక్కడ లాభం లేదని తెలిసి ఆజ్ఞ ఇంకోచోటికి మారింది. నిర్మాణాన్నీ నాడుల్నీ కలిపి చదవమని చెప్పడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ దొరకదు.

పుస్తకం దాటి పొలం గట్టు మీదికి

ఇప్పుడు మన ఒంటికి వద్దాం. మన డయాఫ్రంకు ఆజ్ఞ తెచ్చేది ఫ్రెనిక్ నాడి. మెడ దగ్గర 3, 4, 5 వెన్ను నాడుల నుంచి అది బయల్దేరుతుంది. కట్లపాము, నాగుపాము విషం దెబ్బతీసేది నాడి వచ్చి కండరాన్ని కలిసే చోటును. మెదడు ఆజ్ఞ ఇస్తూనే ఉంటుంది, నాడి మోస్తూనే ఉంటుంది, కండరానికి మాత్రం అందదు. ఊపిరితిత్తులు బాగానే ఉన్నా లాగేవాళ్లు లేక మనిషి ప్రాణం పోతుంది.

ఇది పరీక్ష హాల్లో ముగిసే విషయం కాదు. 2000 నుంచి 2019 వరకు దేశంలో పాముకాటుతో ఏటా సగటున 58 వేల మంది చనిపోయారని ఒక పెద్ద అధ్యయనం అంచనా వేసింది. ఎక్కువ మరణాలున్న రాష్ట్రాల్లో తెలంగాణతో కలిసి ఉన్న ఆంధ్రప్రదేశ్ ఒకటి. 2030 నాటికి ఈ మరణాల్ని సగానికి తగ్గించాలని కేంద్రం 2024 మార్చిలో జాతీయ కార్యాచరణ ప్రణాళిక ప్రకటించింది.

మీ ఇంట్లో రాత్రిపూట మోటరు వేయడానికి పొలం వెళ్లేవాళ్లు ఉంటారు. ఎండాకాలం ఆరుబయట నేల మీద పడుకునేవాళ్లూ ఉంటారు. కట్లపాము కాటు చాలాసార్లు నొప్పి పెట్టదు, వాపూ రాదు. తెల్లారేసరికి కనురెప్పలు వాలిపోవడం, మాట ముద్దగా రావడం, మింగలేకపోవడం కనిపిస్తే అది ఆజ్ఞ తెగిపోతోందనడానికి గుర్తు. తర్వాతి వంతు డయాఫ్రందే. గాయాన్ని కోయడం, నోటితో పీల్చడం, తాడుతో గట్టిగా బిగించడం, మంత్రం కోసం ఆగడం వద్దు. కాటు పడ్డ చేయి లేదా కాలు కదలకుండా ఉంచి, 108కి ఫోన్ చేసి ఆసుపత్రికి తీసుకెళ్లాలి. విషానికి విరుగుడు ఇంజెక్షన్ ఎంత త్వరగా పడితే అంత మంచిది. కట్లపాము విషం నాడి చివరనే దెబ్బతీస్తుంది కాబట్టి, అది కోలుకునేదాకా వెంటిలేటర్ ఊపిరి లాగిపెట్టాలి. డయాఫ్రం చేయాల్సిన పనిని యంత్రం చేస్తుందన్నమాట. జువాలజీ చదివిన మీరు ఇంట్లో, ఊళ్లో ఈ ఒక్క ముక్క అర్థమయ్యేలా చెప్పగలిగితే ఆ డిగ్రీకి విలువ వచ్చినట్టే.

కొలువుల దారి

ఫారెస్ట్: బీట్ ఆఫీసర్‌కు ఇంటర్ చాలు. సెక్షన్ ఆఫీసర్, రేంజ్ ఆఫీసర్ పోస్టులకు డిగ్రీ కావాలి, అర్హత సబ్జెక్టుల్లో జువాలజీ ఉంటుంది. పురుషులకు 4 గంటల్లో 25 కిలోమీటర్ల నడక పరీక్ష, మహిళలకు అంతకంటే తక్కువ దూరం. ఇండియన్ ఫారెస్ట్ సర్వీస్‌కు యూపీఎస్సీ నిర్వహించే సివిల్స్ ప్రిలిమ్స్ రాయాలి.

బోధన: పీజీ తర్వాత జూనియర్ లెక్చరర్, గురుకుల పోస్టులు. నెట్ లేదా సెట్ ఉంటే డిగ్రీ కాలేజీ వరకు దారి ఉంటుంది. పాలమూరు యూనివర్సిటీ 2008 నుంచి మనకు దగ్గర్లోనే ఉంది.

పరిశోధన: హైదరాబాద్‌లో సీసీఎంబీకి చెందిన లాకోన్స్ వన్యప్రాణుల మీద పని చేస్తుంది. దేహ్రాదూన్‌లోని వైల్డ్‌లైఫ్ ఇన్‌స్టిట్యూట్ వన్యప్రాణి శాస్త్రంలో ఎమ్మెస్సీ అందిస్తోంది. సరీసృపాల మీదే మక్కువ ఉంటే చెన్నై దగ్గర 1976లో మొదలైన మద్రాస్ క్రొకొడైల్ బ్యాంక్ గురించి తెలుసుకోండి.

ఆరోగ్య రంగం: ఇంటర్ బైపీసీ చదివే తమ్ముళ్లు, చెల్లెళ్లు ఇంట్లో ఉంటే అనస్థీషియా టెక్నాలజీ, రెస్పిరేటరీ థెరపీ లాంటి బీఎస్సీ కోర్సుల సంగతి చెప్పండి. వెంటిలేటర్ దగ్గర నిలబడేది వీళ్లే. వనపర్తి, నాగర్‌కర్నూల్‌లో 2022లో, గద్వాలలో 2024లో ప్రభుత్వ మెడికల్ కాలేజీలు వచ్చాయి.

ఒక హెచ్చరిక కూడా. వనపర్తి కేంద్రంగా సాగర్ స్నేక్ సొసైటీ పాముల్ని, మొసళ్లను కాపాడి వదులుతోంది. అలాంటి వీడియోలు చూసి పాము పట్టడానికి దిగకండి. మొసలి, ఉడుము, కొండచిలువ వన్యప్రాణి సంరక్షణ చట్టం షెడ్యూల్ 1లో ఉన్నాయి. అనుమతి లేకుండా పట్టడం నేరం. కేసు నమోదైతే ప్రభుత్వ ఉద్యోగం ఆశ అక్కడే ఆగిపోవచ్చు. ప్రాణానికీ ముప్పే. కనిపిస్తే అటవీ శాఖకు చెప్పండి.

ఇలా అడగొచ్చు

1. కాలేయాన్ని పిస్టన్‌లా వాడి ఊపిరి తీసుకునేది?
జవాబు: మొసలి.

2. పాము ఊపిరితిత్తి వెనుక భాగంలో వాయుమార్పిడి ఎక్కువ. నిజమా?
జవాబు: కాదు. ముందు భాగంలోనే ఎక్కువ.

3. బల్లి ఊపిరితిత్తి లోపలి గ్రాహకాలు కార్బన్ డయాక్సైడ్ పెరిగితే ఏం చేస్తాయి?
జవాబు: సంకేతాలు తగ్గిస్తాయి.

4. పాము పక్కటెముకల కండరాలకు నాడీ సరఫరా?
జవాబు: ఆయా భాగాల వెన్ను నాడులు. వేగస్ కాదు.

5. కట్లపాము కాటులో ఊపిరి ఆగడానికి కారణం ఊపిరితిత్తులు దెబ్బతినడమా?
జవాబు: కాదు. నాడి, కండరం కలిసే చోట ఆజ్ఞ ఆగిపోవడం.

ఈ రోజు చదువు మొదలుపెట్టే ముందు గోడ మీది తొండను ఐదు నిమిషాలు చూడండి. పక్కటెముకలు ఎప్పుడు కదిలాయి, ఎంతసేపు ఆగాయి అని రాసుకోండి. తర్వాత నోట్సులో రెండు గడులు గీయండి. ఒకదాంట్లో లాగే కండరం, రెండోదాంట్లో ఆజ్ఞ తెచ్చే నాడి. బల్లి, ఉడుము, తాబేలు, పాము, మొసలి, మనిషి వరుసగా నింపండి. ఆ ఒక్క పేజీ పరీక్ష ముందు రోజు రాత్రి మీకు పది పేజీల పెట్టు.